సగటు వేగంలో మీ వాటా ఎంత?

తమిళుల ఆడి నెల గాలి లేచిందంటే తమిళనాడులోని కారియాపట్టి చుట్టుపక్కల సైకిలు తొక్కేవాళ్ళకు తమ కాళ్ళ మీద తమకే అనుమానం పుడుతుంది. మార్చి నెలలో సగటున గంటకు 25 కిలోమీటర్లు చూపించిన మీటరు జూలైలో అదే దారిలో 23 కూడా దాటదు. సత్తువ తగ్గిందా, వయసు మీద పడుతోందా, చెయినుకు నూనె అయిపోయిందా అని వెతుకులాట మొదలవుతుంది. కొందరు తిండి మారుస్తారు, కొందరు టైర్లు మారుస్తారు. ఇంకొందరు ఇక మన వల్ల కాదనుకుని సైకిలును గోడకు ఆనించేస్తారు. ఇన్ని నిర్ణయాలకూ ఆధారం ఒకే ఒక్క అంకె. ఆ అంకెలో తొక్కినవాడి వాటా ఎంత, ఆ రోజు వీచిన గాలి వాటా ఎంత, రోడ్డు వాటా ఎంత, కూర్చున్న తీరు వాటా ఎంత అని విడదీసి చూసేవాళ్ళు తక్కువ. విడదీసి చూస్తే తేలేది ఇది: మామూలు రైడరు ఏడాది పొడుగునా కష్టపడి సంపాదించే మెరుగుదల కంటే ఒక్క సాయంత్రపు గాలి తెచ్చే తేడా పెద్దది. అందువల్ల ఎదుగుదలను కొలిచే పనికి సగటు వేగం పనికిరాదు. అయితే దాన్ని పారేయాలని మాత్రం అనను. అది బాగా చేయగల పనులు వేరే ఉన్నాయి.

ముందు గాలి లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ నేల మీద అన్నిటికన్నా పెద్ద వాటా దానిదే. సమతలమైన రోడ్డు మీద సైకిలు రెండింటితో పోరాడుతుంది: టైరు రోడ్డుకు ఒరుసుకునే రాపిడి, ఎదురుగా వచ్చే గాలి. రాపిడి వేగంతో పాటు పెద్దగా మారదు. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. రైడరూ సైకిలూ కలిపి 85 కిలోలు, కాస్త ముందుకు వంగి కూర్చునే భంగిమ, ఓ మాదిరి టైర్లు అనుకుని లెక్క వేస్తే, గాలి లేని రోజున గంటకు 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 67 వాట్లు చాలు. 25కు 112 వాట్లు కావాలి. 30కి 175. అంటే మొదటి అయిదు కిలోమీటర్లకు 45 వాట్లు అదనం, తర్వాతి అయిదుకు 63 అదనం. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి కిలోమీటరు ఖరీదూ పెరుగుతూ పోతుంది. ఈ లెక్క ఒంటికి పట్టినవాడు 28 దగ్గర ఆగిపోయానని దిగులుపడడు, అక్కడ ఎవరైనా మెల్లగానే ఎక్కుతారు.

ఇప్పుడు ఇదే రైడరును, అదే 112 వాట్లతో, కారియాపట్టి నుంచి పడమరగా కళ్ళికుడి వైపు ఆడి నెలలో పంపిద్దాం. ఎదురుగాలి గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. అది పెద్ద గాలేమీ కాదు, చెట్టు మీద ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా ఊగేటంత. వెళ్ళేటప్పుడు అతని వేగం 17 దగ్గరకు పడిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపును తోస్తుంది కనుక 34 దాటుతుంది. పదిహేడూ ముప్ఫైనాలుగూ కలిపి సగం చేస్తే ఇరవై అయిదున్నర. అంటే వెళ్ళేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వడ్డీతో సహా తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది. మీటరు మాత్రం 23 లోపే చూపిస్తుంది. కారణం గాలిలో లేదు, కూడికలో ఉంది. ఎదురుగాలి దారిలో అతను గడిపిన సమయం వెనకగాలి దారిలో గడిపినదానికి రెండింతలు. ఇరవై కిలోమీటర్లు వెళ్ళడానికి 70 నిమిషాలు, రావడానికి 35. మొత్తం 40 కిలోమీటర్లకు 105 నిమిషాలు. గాలి లేని రోజున 96 నిమిషాల్లో అయిపోయేది. సగటు వేగాన్ని దూరం నిర్ణయించదు, కాలం నిర్ణయిస్తుంది. మెల్లగా నడిచిన చోటే కాలం ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి ఆ చోటే సగటును కిందికి లాగుతుంది. 'పోయి వస్తే గాలి సరిపోతుందిలే' అనే మాట సైకిలు తొక్కేవాళ్ళలో బాగా చెలామణీ అవుతుంది. సరిపోదు.

పక్కగాలి అయితే నష్టం ఉండదనుకునేవాళ్ళూ ఉన్నారు. మదురై నుంచి కారియాపట్టి మీదుగా అరుప్పుక్కోట్టై వెళ్ళే రోడ్డు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పడమటి గాలి దాన్ని అడ్డంగా కోస్తుంది. అదే 15 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీచినా మన రైడరు వేగం రెండు వైపులా 24 దగ్గరకు తగ్గుతుంది, ఎందుకంటే అతని ఒంటికి తగిలే గాలి మొత్తం మీద పెరుగుతుంది. పోయినా వచ్చినా నష్టమే, లాభం ఎటూ లేదు. ఈ గాలికి మూలం పడమటి కనుమల్లోని సందులు. నైరుతి ఋతుపవనం సెంగోట్టై, ఆరల్వాయ్‌మొళి కనుమల గుండా ఇరుక్కుని దూసుకొచ్చి ఈ నల్లరేగడి నేల మీద పరుచుకుంటుంది. కోవిల్‌పట్టి దాటి కయత్తారు చేరేసరికి గాలిమరలు బారులు తీరి కనిపించేది అందుకే.  వాటితో సైకిలు తొక్కేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఆ మరల రెక్కలు ఎటు మొహం పెట్టి ఉన్నాయో గాలి అటునుంచే వస్తోంది. బయలుదేరే ముందు ఒక్కసారి తలెత్తి చూస్తే, ఆ రోజు మీటరు చూపబోయే అంకె సగం ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఓ రైడరు మూడు నాలుగు నెలలు క్రమంగా సాధన చేసి తన శక్తిని అయిదు శాతం పెంచుకున్నాడనుకోండి. అది మంచి ఫలితమే. 112 వాట్లు కాస్తా 117 దాటాయి. గాలి లేని రోజున ఈ మెరుగుదల మీటరు మీద ఎంతగా కనిపిస్తుంది? అర కిలోమీటరు. ఇరవై అయిదు కాస్తా ఇరవై అయిదున్నర అవుతుంది. అదే సమయంలో ఓ మోస్తరు గాలి దిక్కును బట్టి ఒకటి నుంచి రెండు కిలోమీటర్ల తేడా తెస్తుంది. కనుక్కోవాల్సిన వస్తువు అర కిలోమీటరు, దాని చుట్టూ ఉన్న రొద రెండు కిలోమీటర్లు. విరుదునగర్ మండీలో మిరపకాయలను గోనెతో సహా తూచి, గోనె బరువు తీసేయకుండా ధర కడితే ఏ వర్తకుడూ ఒప్పుకోడు. పైగా ఇక్కడ గోనె బరువు రోజుకొక రకం, కొన్ని రోజులు కాయల కంటే గోనే బరువు. అయినా మనం ప్రతి సాయంత్రం ఆ తూకం చూసి సంతోషపడుతున్నాం, లేదా కుంగిపోతున్నాం.

గాలి ఒక్కటే కాదు, కూర్చునే తీరుకూ పెద్ద వాటానే ఉంది. ప్లస్ వన్ చదివే పిల్లలకు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సైకిలు మీద వీపు నిటారుగా పెట్టి కూర్చోవాలి. అదే 112 వాట్లతో నిటారుగా కూర్చుంటే 25కు బదులు 23 లోపే వస్తుంది. సైకిలు బరువుదే తప్పంతా అని చాలామంది అనుకుంటారు గానీ, చదును రోడ్డు మీద పది కిలోల అదనపు బరువు తెచ్చే తేడా అర కిలోమీటరు లోపే. ఛాతీకి తగిలే గాలి తెచ్చే తేడా దానికి నాలుగైదు రెట్లు. కొండ ఎక్కేటప్పుడు కథ తిరగబడుతుంది. నూటికి అయిదు ఎత్తు ఉన్న ఘాట్ రోడ్డు మీద అదే కాళ్ళు అదే శక్తితో తొక్కితే ఎనిమిదిన్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. అక్కడ ప్రతి కిలో లెక్కలోకొస్తుంది. దిగేటప్పుడు మలుపుల్లో బ్రేకులు నొక్కాలి కనుక పోయిన సమయం తిరిగి రాదు. కొడైకెనాల్ ఘాట్‌లోనో, అరకు దారిలో అనంతగిరి ఘాట్‌లోనో తొక్కివచ్చినవాడి సగటు పన్నెండు పదమూడు ఉంటే, కారియాపట్టి చదును మీద పాతిక తొక్కినవాడు అతన్ని చూసి నవ్వడం అమాయకత్వం.

ఈ వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టంగా కొలిచే సైకిలు పోటీలో దొరుకుతుంది. గంట రికార్డు అంటారు దాన్ని. ఒక మనిషి, ఒక వెలోడ్రోమ్ ట్రాక్, ఒక గంట. ఎంత దూరం తొక్కితే అదే సగటు వేగం. 1893లో పారిస్‌లో ఆన్రీ దెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు తొక్కాడు. 1972లో ఎడ్డీ మెర్క్స్ 49.431 తొక్కాడు. 2022 అక్టోబరు 8న స్విట్జర్లాండ్‌లోని గ్రెన్షెన్‌లో ఫిలిప్పో గన్నా 56.792 తొక్కాడు. ఈ అంకెలను వరసగా పెట్టి చూసి మనుషులు ఇంతగా బలపడ్డారా అని ఆశ్చర్యపోవడం తేలిక. అయితే మెర్క్స్ తన ప్రయత్నానికి మెక్సికో నగరాన్ని ఎందుకు ఎంచుకున్నాడు? సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన గాలి పలచగా ఉంటుంది కనుక. ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్. 1996లో మాంచెస్టర్ వెలోడ్రోమ్‌లో, చేతులు ముందుకు చాచి పెట్టే భంగిమలో, ప్రత్యేకమైన సైకిలు మీద అతను గంటకు 56.375 కిలోమీటర్లు తొక్కాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నిబంధనలు మార్చి, మెర్క్స్ కాలం నాటి మామూలు సైకిలు మీద తొక్కితేనే అసలు రికార్డంది. 2000 అక్టోబరులో అదే మాంచెస్టర్‌లో అదే బోర్డ్‌మన్ పాత పద్ధతి సైకిలు మీద తొక్కితే వచ్చింది 49.441. మెర్క్స్ కంటే పది మీటర్లు ఎక్కువ, తన సొంత అంకె కంటే దాదాపు ఏడు కిలోమీటర్లు తక్కువ. నాలుగేళ్ళ వయసు పెరిగిందన్నది నిజమే, కానీ ప్రపంచ స్థాయి రైడరు నాలుగేళ్ళలో ఏడు కిలోమీటర్లు పోగొట్టుకోడు. ఆ తేడాలో చాలా భాగం సైకిలుది, భంగిమది. గాలి వీచని హాల్లో, మలుపు కూడా మారని చెక్క ట్రాక్ మీద పరిస్థితి ఇది. లారీలూ మేకల మందలూ గతుకులూ ఉన్న మన రోడ్డు మీద సగటు వేగం నుంచి మనిషి సత్తాను పిండి తీయాలనుకోవడం ఎంత దూరపు ఆశో ఊహించుకోవచ్చు.

దీనికి మొదటి అభ్యంతరం సహజంగా వచ్చేదే. చివరికి పందెమంటే వేగమే కదా, ఎవడు ముందొస్తే వాడే గెలుస్తాడు కదా అంటారు. గెలుస్తాడు. కానీ టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు వారాల తర్వాత మొత్తం విజేతను తేల్చేది ఎవరికెంత సమయం పట్టిందన్న లెక్కే. అందరూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద, ఒకే గాలిలో తొక్కుతారు కనుక గాలి వాటా అందరి లెక్కలోనూ ఉండి తీసివేతలో కొట్టుకుపోతుంది. నిన్నటి కొండ దశ విజేత సగటు 34, ఇవాళ్టి చదును దశ విజేత సగటు 46 అయితే ఇవాళ్టివాడు గొప్పోడని అక్కడ ఎవరూ అనరు. పోటీ అనేది పరిస్థితులను సమానం చేసే ఏర్పాటు. మీరు ఒంటరిగా తొక్కే సాయంత్రానికి అలాంటి ఏర్పాటు లేదు, సోమవారపు మీరూ గురువారపు మీరూ వేర్వేరు గాలుల్లో తొక్కారు. ఇంకో సంగతి కూడా ఉంది. గుంపులో ఒకరి వెనక ఒకరు తొక్కితే వెనకవాడికి తగిలే గాలి అడ్డంకి సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఆదివారం స్నేహితులతో వెళ్ళినప్పుడు వచ్చే గొప్ప సగటులో ముందున్నవాడి చెమట కూడా ఉంది.

రెండో అభ్యంతరం మొదటిదానికన్నా బలమైనది. ఒక్క రోజు గాలి మోసం చేస్తుంది సరే, నెలల తరబడి లెక్క రాస్తే గాలులన్నీ కలిసి సర్దుకుపోతాయి కదా, అప్పుడు మిగిలేది మన సత్తానే కదా అంటారు. గాలి రోజుకో దిక్కున, ఏ క్రమమూ లేకుండా వీచే చోట ఈ మాట చాలావరకు నిలుస్తుంది. ఇక్కడ గాలికి క్రమం ఉంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది పడమటి నుంచే వస్తుంది. ఆ తర్వాత తగ్గి, అక్టోబరు నుంచి ఈశాన్య ఋతుపవనం వానలు మొదలవుతాయి, రోడ్లు తడుస్తాయి. కనుక ఏప్రిల్ సగటునూ జూలై సగటునూ పక్కన పెడితే సాధన చేసినవాడు కూడా దిగజారినట్టే కనిపిస్తాడు. జూలై నుంచి నవంబరుకు చూస్తే ఏమీ చేయనివాడు కూడా ఎదిగినట్టు కనిపిస్తాడు. అయితే ఈ అభ్యంతరంలో ఉన్న నిజాన్ని వాడుకోవచ్చు. ఈ జూలైని పోయిన జూలైతో పోల్చండి, అదే దారిలో, అదే సైకిలు మీద, ఒకటి రెండు రోజుల అంకెలతో కాక నెల మొత్తం అంకెలతో. అప్పుడు సగటు వేగం మెల్లగానైనా ఏదో ఒక నిజం చెబుతుంది. ఏడాదికోసారి చెప్పే సాక్షిని రోజూ పిలిచి విసిగించడమే మన పొరపాటు.

మూడో మాట ఉత్సాహం గురించి. అంకె ఉంటేనే మనిషి లేచి బయటికి వస్తాడు, తప్పో ఒప్పో ఏదో ఒకటి ఉండనివ్వండి అని కొందరంటారు. మొదటి రెండు మూడు నెలలకు ఈ మాటతో నాకు తగవు లేదు. కొత్తవాడు 15 నుంచి 20కి త్వరగా ఎక్కుతాడు, అక్కడ గాలి ఇంకా అంత పగబట్టదు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కొలిచే అంకె మనిషి ప్రవర్తనను తనవైపు వంచుకుంటుంది. సగటు పడిపోతుందని మొదటి పది నిమిషాలు నెమ్మదిగా కాళ్ళు వేడెక్కించడం మానేస్తారు. చివర నెమ్మదించడం మానేస్తారు. సిగ్నలు దగ్గర ఆగరు. ఘాట్ రోడ్డు వైపు పోరు, గాలి ఉన్న రోజున బయటికే రారు, నిజానికి బలం పెంచేవి ఆ రెండే. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మదురై, విరుదునగర్, కోవిల్‌పట్టి మీదుగా పోయే నాలుగు లైన్ల హైవే మీద లారీ వెనక గాలి చాటున తొక్కడం. అక్కడ ఒక్క బ్రేకు చాలు. వీటికి తోడు శిక్షణ శాస్త్రం చెప్పే సంగతి ఒకటుంది. నార్వేలో పనిచేసిన స్టీఫెన్ సైలర్ వంటి పరిశోధకులు ఉన్నత స్థాయి దూరపు పందేల క్రీడాకారుల డైరీలు పరిశీలించి, వాళ్ళ శిక్షణలో సుమారు 80 శాతం సులువైన తీవ్రతలోనే సాగుతుందని చూపించారు. కష్టమైన రోజులు తక్కువ, కానీ అవి నిజంగా కష్టంగా ఉంటాయి. ప్రతి రోజూ సగటు కాపాడుకోవాలనుకునేవాడు ఈ రెండూ చేయలేడు. సులువు రోజున అవసరానికి మించి తొక్కుతాడు, కష్టం రోజున అప్పటికే అలసిపోయి ఉంటాడు. అతని రోజులన్నీ మధ్యరకంగా మారిపోతాయి, ఏడాది తిరిగేసరికి అంకె ఉన్నచోటే ఉంటుంది.

మరి ఈ అంకె దేనికి పనికొస్తుంది? ప్రయాణానికి. ఉదయం తొమ్మిదికి విరుదునగర్ ఆఫీసులో ఉండాలంటే ఎన్ని గంటలకు బయలుదేరాలో చెప్పడానికి దీనికి మించిన కొలత లేదు. ఆ పనికి మాత్రం కదిలినప్పటి సగటు కాకుండా ఆగిన సమయంతో కలిపిన సగటు వాడాలి. ఫోను యాప్‌లు, సైకిలు మీటర్లు చాలావరకు ఆగినప్పుడు గడియారాన్ని ఆపేస్తాయి, అంకె అందంగా కనిపించడానికి. టీ కొట్టు దగ్గర గడిపిన ఇరవై నిమిషాలు గడియారంలో ఉంటాయి, యాప్‌లో ఉండవు. దూరపు సైక్లింగులో బ్రెవేలనే గడువు ప్రయాణాలు ఈ విషయంలో నిజాయితీగా ఉంటాయి. హైదరాబాదు నుంచి చెన్నై దాకా తెలుగువాళ్ళు చాలామంది ఇప్పుడు బ్రెవేలు తొక్కుతున్నారు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. తినడం, పంక్చరు వేసుకోవడం, నిద్ర, అన్నీ అందులోనే. గంటకు 15 కిలోమీటర్లు అన్నమాట. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, 600 కిలోమీటర్ల బ్రెవేలో రాత్రి నిద్రనూ భోజనాలనూ తీసేస్తే కదిలినప్పుడు కనీసం 20 ఉండాలి. ఇంకా మెచ్చుకోదగ్గ సంగతి, అక్కడ మొదటి స్థానం, రెండో స్థానం అంటూ వరస పెట్టరు. గడువులోగా వచ్చినవాళ్ళందరూ పూర్తిచేసినవాళ్ళే. సగటు వేగాన్ని ప్రణాళికకు వాడి, గొప్ప చెప్పుకోవడానికి వాడకపోవడం ఎలాగో ఈ పద్ధతి చూసి నేర్చుకోవచ్చు.

ఎదుగుదలను కొలవడానికి పవర్ మీటరు మంచిది, 1980ల్లో జర్మనీకి చెందిన ఉల్రిక్ షోబరర్ మొదలుపెట్టిన ఆ పరికరం కాళ్ళు పెట్టే శక్తినే నేరుగా వాట్లలో చెబుతుంది. గాలితో దానికి పని లేదు. దాని ధర మాత్రం చాలామంది సైకిలు ధరకన్నా ఎక్కువ, కాబట్టి అది లేకుండా ఏం చేయాలో చూద్దాం. గుండె కొట్టుకునే వేగం ఒక దారి, కానీ ఎండ దాన్ని చెడగొడుతుంది. మే నెల మధ్యాహ్నం అదే శ్రమకు గుండె ఎక్కువ సార్లు కొట్టుకుంటుంది, ఎందుకంటే ఒంటిని చల్లబరచడానికి కూడా రక్తం కావాలి. చవకైనది, నమ్మదగినది మీ సొంత అంచనానే. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ శ్రమను 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పే కొలబద్ద తయారుచేశాడు. యువకుల్లో ఆ అంకెను పదితో గుణిస్తే దాదాపు గుండె వేగం వస్తుంది. అంత అవసరం లేదనుకుంటే మాట పరీక్ష చాలు: పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సులువు, నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే మధ్యస్థం, మాటే రాకపోతే కష్టం. ఒకే శ్రమలో ఎక్కువ దూరం పోతున్నారా, ఒకే దూరం తక్కువ శ్రమతో పోతున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే పరీక్ష దారి ఒకటి పెట్టుకోండి. ఎనిమిది పది కిలోమీటర్లు చాలు, ట్రాఫిక్కూ సిగ్నళ్ళూ లేని చోట. హైదరాబాదు వాళ్ళకైతే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు దారి ఉంది, అక్కడ ఎండ కూడా అడ్డురాదు. కారియాపట్టి వాళ్ళకు తెల్లవారుజామున, గాలి లేవకముందు, ఊరి చుట్టూ ఉన్న ఏ చిన్న రోడ్డయినా సరిపోతుంది. ఆరు వారాలకోసారి, అదే సైకిలు, టైర్లలో అదే గాలి, దాదాపు అవే బట్టలు, ముందు రోజు విశ్రాంతి. ముందే అనుకున్న శ్రమతో తొక్కి, పట్టిన సమయం రాసుకోండి. అప్పుడు వచ్చిన సగటు వేగాన్ని నమ్మండి, ఎందుకంటే గోనె బరువు దాదాపు తీసేశారు. అర కిలోమీటరు పెరిగితే అది మీదే. మిగతా రోజుల్లో మీటరు మీద వేగం చూపే గడిని మార్చి, సమయమో, శ్రమో, ఎక్కిన ఎత్తో చూపేలా పెట్టుకోండి. గడి మార్చడం కుదరని పాత మీటరైతే దాని మీద చిన్న కాగితం ముక్క అంటించినా పనవుతుంది.

ఒక సందేహం మిగులుతుంది. ఇంత జాగ్రత్త పోటీదారులకు కావాలి గానీ, ఒంట్లో చక్కెర తగ్గించుకోవాలనో, మోకాళ్ళు కదులుతూ ఉండాలనో తొక్కేవాళ్ళకు ఎందుకు? వాళ్ళకే ఎక్కువ కావాలని నా అభిప్రాయం. పోటీదారుడు సగటు పడిపోయినా వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాడు, అతనికి పందెం ఉంది. ఆరోగ్యం కోసం తొక్కే అరవై ఏళ్ళ మనిషికి జూలై నెల మీటరు చెప్పే చెడు వార్త మానేయడానికి ఒక సాకు అవుతుంది. అతని గుండెకు ఎదురుగాలిలో 17 కిలోమీటర్లు తొక్కిన గంట, గాలి లేకుండా 25 కిలోమీటర్లు తొక్కిన గంట ఒకటే. శ్రమ ఒకటే, మేలూ ఒకటే. గుండె చూసేది నిమిషాలనూ శ్రమనూ మాత్రమే. వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పిన కనీస లెక్కలో కిలోమీటర్ల మాటే లేదు.

కాబట్టి ఈ ఆడి నెలలో బయలుదేరే ముందు గాలి దిక్కు చూసుకోండి, ముందు ఎదురుగాలిలోకి పోయి, అలసిన తర్వాత వెనకగాలితో ఇంటికి వచ్చేలా దారి పెట్టుకోండి. డైరీలో నాలుగు గడులు గీసుకోండి: తేదీ, నిమిషాలు, శ్రమ, గాలి. సగటు వేగానికి గడి పెట్టాలనిపిస్తే పెట్టండి గానీ, గాలి గడి నింపాకే దాన్ని నింపండి.